చిన్న పెట్టెలో పెద్ద పాట

1978లో బోస్టన్ దగ్గర చదువుకుంటున్న రోజుల్లో, మొదటి ఏడాది కూడబెట్టుకున్న డబ్బుతో నేనొక స్టీరియో కొన్నాను. రికార్డు ప్లేయరు, రేడియో, క్యాసెట్ టేపు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన రకం. ముందు భాగమంతా మీటలు, ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు. అటూ ఇటూ నా నడుమెత్తు స్పీకర్లు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రెండు నెలల ఇంటి అద్దె దానికి పోసి, మిగతా నెలంతా అన్నంలోకి పెరుగే ఆధారంగా గడిపానన్నది మాత్రం నిజం.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టె అడుగున పంచెల మధ్య భద్రంగా చుట్టి తెచ్చుకున్న రికార్డు ఒకటుండేది. బాలమురళీకృష్ణ గారి కచేరీ. కొత్త స్టీరియో మీద మొదట అదే పెట్టాను. గొంతు బాగానే ఉంది. మృదంగం మాత్రం డ్రమ్ములో నీళ్ళు పోసి కొట్టినట్టు “బుంయ్, బుంయ్” మంటోంది. తంబురా ఉందో లేదో తెలియదు. మన రికార్డే పాడయిపోయిందేమో, విమానంలో ఎండకో చలికో వంగిపోయిందేమో అని దిగులుపడ్డాను.

మా ఊళ్ళో 1967 నుంచీ ఉంటున్న తెలుగాయన ఒకరుండేవారు. ఇంజనీరు గారనే అందరం పిలిచేవాళ్ళం. ఆదివారం పూట విద్యార్థుల్ని పిలిచి పప్పుచారు పెట్టే పుణ్యాత్ములు. నా గోడు విని, “ఆ రికార్డు పట్రావయ్యా, చూద్దాం” అన్నారు. పట్టుకెళ్ళాను. వాళ్ళింట్లో పుస్తకాల అలమరలో, పుస్తకాల మధ్యనే, రెండు చెక్కపెట్టెలు ఉన్నాయి. ఎత్తు 19 అంగుళాలు, వెడల్పు 10, లోతు 9. వాటికి దీపాలూ లేవు, సోకులూ లేవు. ముందు నార గుడ్డ కప్పి ఉంది, అంతే. వీటినుంచి ఏం వస్తుందిలే అనుకున్నాను.

వచ్చింది. మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద ఎందుకు అంటిస్తారో మీకు తెలుసు కదా, దాని శ్రుతి కిందికి దిగడానికి. ఆ దిగిన శ్రుతి నాకు విడిగా వినిపించింది. అరచెయ్యి మూత మీద పడి, ఒత్తి, జరిగినప్పుడు వచ్చే ఆ గుమకి అచ్చంగా గుమకిలాగే ఉంది. వెనకాల తంబురా నిలకడగా మోగుతోంది. రికార్డు నిక్షేపంలా ఉంది. పాడయింది నా రెండు నెలల అద్దె.

“కొన్నప్పుడు ఒక్కోటి 57 డాలర్లు. పైగా ఎక్కడివో కావు, మన పక్క ఊరు కేంబ్రిడ్జిలో మొదలయిన కంపెనీవి” అన్నారు ఇంజనీరు గారు. వాటి పేరు ఏఆర్-4ఎక్స్. ఆ పెట్టెల కథ నాకు పూర్తిగా తెలియడానికి ముప్ఫై ఏళ్ళ పైనే పట్టింది. ఆ కథే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

బీరువాల కాలం

రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో మంచి ధ్వని ఇంట్లో వినాలనే పిచ్చి ఒకటి బయలుదేరింది. 1948లో కొలంబియా వారి ఎల్‌పీ రికార్డు వచ్చింది. ఎఫ్ఎం రేడియో విస్తరిస్తోంది. అన్నీ బాగుపడుతున్నాయి గాని, చివరి మెట్టు దగ్గర, అంటే స్పీకరు దగ్గర, బండి ఆగిపోయేది. మంద్రస్థాయి సరిగ్గా వినాలంటే బీరువా అంత పెట్టె కావాలి. ఆర్కాన్సాలో పాల్ క్లిప్ష్ 1940లలో తయారు చేసిన ప్రసిద్ధమైన స్పీకరయితే గది మూలలో కూచుని, ఆ మూల గోడల్నే తన బాకాలో భాగంగా వాడుకునేది. అద్భుతంగా మోగేది, సందేహం లేదు. కాని అంత గదీ, అంత డబ్బూ ఉన్నవాడికే ఆ భోగం.

పెద్ద పెట్టె ఎందుకు కావలసి వచ్చేదో రెండు ముక్కల్లో చెబుతాను. స్పీకరులో కాగితంతో చేసిన శంకువు ఒకటి ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోస్తుంది. ముందుకు తోసిన గాలీ, వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చే గాలీ కలిస్తే కింది స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకని వెనక భాగాన్ని పెట్టెలో మూస్తారు. చిన్న పెట్టెలో మూస్తే లోపలి గాలి శంకువుని కదలనివ్వదు. అందుకే పెద్ద పెట్టె. ఇదొక ఇబ్బంది.

రెండోది ఇంకా పెద్దది. ఆ శంకువు తిరిగి తన చోటికి రావాలంటే దాన్ని అంచుల దగ్గర ఏదో ఒకటి పట్టి లాగుతుండాలి. పాత స్పీకర్లలో ఈ పని బిగువైన అంచూ, బిగువైన స్ప్రింగూ చేసేవి. కొద్దిగా కదిలినంత సేపూ అవి బుద్ధిగానే ఉంటాయి. ఎక్కువ కదిలితే, బిగించి కట్టిన నులక మంచం మీద పిల్లవాడు గెంతినట్టు, ఒక చోట గట్టిగా తగిలి ఆగిపోతాయి. కింది స్వరానికి శంకువు ఎక్కువ దూరం కదలాలి. సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది. నా కొత్త స్టీరియోలో మృదంగానికి పట్టిన గతి ఇదే.

బొమ్మలు చదువుకున్న మనిషి

ఈ చిక్కుముడి విప్పినవాడు ఇంజనీరు కాడు. ఎడ్గర్ విల్చర్ 1917లో న్యూయార్క్‌లో పుట్టాడు. చదివింది కళల చరిత్ర, అందులోనే మాస్టర్స్ డిగ్రీ. నాటకరంగంలో పనిచేద్దామనుకున్నాడు. యుద్ధం వచ్చి సైన్యం పట్టుకుపోయింది. అక్కడ ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు నేర్చుకున్నాడు. తిరిగొచ్చి న్యూయార్క్ గ్రెనిచ్ విలేజిలో రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు పుస్తకాలు పట్టి గణితం, భౌతికశాస్త్రం సొంతంగా చదువుకున్నాడు. కొన్నాళ్ళకు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ధ్వని గురించి పాఠాలు చెప్పే స్థాయికి వచ్చాడు.

అతనికి తట్టిన ఉపాయం విన్న తరవాత “ఓస్, ఇంతేనా” అనిపిస్తుంది. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి పిడిని నొక్కండి. వెనక్కి తోస్తుంది. వదలండి, తన చోటికి వస్తుంది. అంటే మూసిన గాలి మంచి స్ప్రింగు. పైగా స్పీకరు కదిలే మేరలో ఆ గాలి లోహపు స్ప్రింగుల కన్నా, బిగువు గుడ్డల కన్నా ఎంతో సమంగా పనిచేస్తుంది. ఇన్నాళ్ళూ చిన్న పెట్టెలోని గాలిని శత్రువనుకున్నారు. విల్చర్ ఆ శత్రువుకే ఉద్యోగం ఇచ్చాడు. శంకువుని పట్టి ఉంచే అంచుని బాగా వదులు చేసేసి, పెట్టెని గాలి చొరకుండా మూసేసి, లోపల గాజు ఉన్ని కూరి, శంకువుని వెనక్కి తెచ్చే పనంతా ఆ గాలికే అప్పజెప్పాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పెట్టె చిన్నదవడం రాజీపడి చేసిన పని కాదు. పెట్టె పెద్దదయితే గాలి స్ప్రింగు మెత్తబడిపోతుంది. అంటే ఈ పద్ధతిలో చిన్న పెట్టె అవసరం. చవకదనం, చిన్నతనం, మంచి ధ్వని మూడూ ఒకే ఆలోచన లోంచి పుట్టాయి.

ఉడ్‌స్టాక్‌లోని ఇంట్లో మొదటి నమూనా తయారుచేసేటప్పుడు, ఒక మామూలు స్పీకరుకి ఉన్న బిగువు అంచుని విల్చర్ కోసి పారేస్తే, దాని స్థానంలో మెత్తటి గుడ్డ అంచుని అతని భార్య రోజ్‌మేరీ కుట్టి ఇచ్చింది. ఎన్ని గొప్ప ఆవిష్కరణల వెనక సూదీ దారం ఉందో!

అప్పటికే పేరున్న కంపెనీలకు ఈ ఉపాయం అమ్మబోతే ఎవరూ తీసుకోలేదు. అతని క్లాసులో హెన్రీ క్లాస్ అనే కుర్రాడుండేవాడు. ఎంఐటీలో చేరి చదువు మధ్యలో వదిలేసినవాడు. కేంబ్రిడ్జిలో ఒక అద్దె చోట స్పీకరు పెట్టెలు చేసి అమ్ముతుండేవాడు. నా దగ్గర చోటుంది, చేద్దామన్నాడు. అలా 1954లో అకూస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పుట్టింది. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఏఆర్. ఆ ఏడాదే న్యూయార్క్ ప్రదర్శనలో ఏఆర్-1ని పెట్టారు. అంత చిన్న పెట్టె లోంచి ఆర్గన్ వాద్యపు అట్టడుగు స్వరాలు రావడం చూసి, ఇందులో ఏదో మోసం ఉందని అనుమానించినవాళ్ళు కూడా ఉన్నారట.

ఏఆర్-1 ధర 185 డాలర్లు. అది అప్పటి గుమాస్తా జీతానికి తక్కువేం కాదు. కాని కంపెనీ అక్కడ ఆగలేదు. 1957లో వచ్చిన ఏఆర్-2 వంద డాలర్ల లోపే. 1958లో ఏఆర్-3 వచ్చింది. పై స్వరాలకు గుమ్మటం ఆకారంలో ఉండే చిన్న స్పీకరు దాంట్లోనే మొదట పెట్టారు. ఈనాడు ప్రపంచంలో అమ్మే స్పీకర్లలో చాలావాటికి ఉన్న గుమ్మటం దాని సంతానమే. చివరికి 1965లో, మా ఇంజనీరు గారి ఏఆర్-4ఎక్స్. స్పీకరు ఒక్కటి 57 డాలర్లు.

ధ్వని బాగుందని పత్రికల్లో ప్రకటనలు ఎవరైనా వేసుకోవచ్చు. విల్చర్ మరో పని చేశాడు. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే నలుగురు తంత్రీవాద్య విద్వాంసుల చేత బహిరంగ కచేరీలు చేయించాడు. వాళ్ళు వాయిస్తూ వాయిస్తూ, మధ్యలో కమానులు తీగెలకు తగలకుండా ఊరికే ఆడించేవారు. ఆ సేపూ పాట రెండు ఏఆర్-3 పెట్టెల లోంచి వచ్చేది. ఎప్పుడు మారిందో సభలో ఉన్నవాళ్ళలో చాలామంది పోల్చలేకపోయేవారు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైలు స్టేషన్‌లో ఒక గది తీసుకుని, అందులో స్పీకర్లు పెట్టి, ఎవరైనా వచ్చి కూచుని వినవచ్చునన్నారు. అక్కడ ఏమీ అమ్మేవారు కాదు.

ఒక లోటు చెప్పకపోతే అన్యాయం. ఈ పెట్టెలు కరెంటు ఎక్కువ తాగుతాయి. పాత బాకా స్పీకరు రెండు మూడు వాట్లతో గది దద్దరిల్లజేస్తే, వీటికి పదింతలు కావాలి. అదృష్టవశాత్తూ కాలం కలిసొచ్చింది. 1959లో డైనాకో కంపెనీ వారు ఎవరికి వారు ఇంట్లో అతుకు పెట్టుకునే ఆంప్లిఫయరు కిట్ తెచ్చారు. రెండు పక్కలా 35 వాట్ల చొప్పున, ధర 99 డాలర్ల 95 సెంట్లు. తరవాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు ఇంకా చవకయ్యాయి. 1958కల్లా స్టీరియో రికార్డులు బజార్లోకి వచ్చాయి. స్టీరియోకి స్పీకర్లు రెండు కావాలి. హాల్లో ఒక బీరువాకి ఒప్పుకున్న ఇల్లాలు రెండో బీరువాకి ఒప్పుకుంటుందా? చిన్న పెట్టెలు గెలిచాయి.

శిష్యుడి దారి

హెన్రీ క్లాస్ 1957లో గురువుని విడిచి, మరో ఇద్దరితో కలిసి కేఎల్‌హెచ్ అనే కంపెనీ పెట్టాడు. 1967లో అడ్వెంట్ పెట్టాడు. ఆయన పట్టుదల ఒకటే: ఖరీదైన స్పీకరు చేసే పనిలో చాలా భాగాన్ని సగం ధరకే చెయ్యాలి. అడ్వెంట్ స్పీకరు 1970లలో అమెరికన్ కాలేజీ కుర్రాళ్ళ గదుల్లో ఎక్కడ చూసినా కనిపించేది.

మనవాళ్ళకు ఆయన చేసిన ఇంకో ఉపకారముంది. క్యాసెట్‌ని ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చినప్పుడు అది మాటలు రికార్డు చేసుకోవడానికే తప్ప సంగీతానికి పనికి రాదనుకున్నారు. వెనక బుస్సుమని శబ్దం. ఆ బుసను తగ్గించడానికి రే డాల్బీ ఒక పద్ధతి కనిపెట్టాడు. క్రోమియం డయాక్సైడ్ పూసిన కొత్త టేపు వచ్చింది. ఈ రెంటినీ కలిపి 1971లో క్లాస్ తెచ్చిన అడ్వెంట్ 201 టేపు డెక్కు, క్యాసెట్‌లో కూడా సంగీతం వినవచ్చునని నిరూపించింది. 1970లలో, 80లలో ఇక్కడ కాపురాలు పెట్టిన తెలుగువాళ్ళకి క్యాసెట్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఇండియా వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళ సూట్‌కేసులోనూ ఆవకాయ సీసా పక్కన అరడజను క్యాసెట్లు. ఒకరింట్లో ఘంటసాల భగవద్గీత వస్తే వారం తిరిగేలోగా పది ఇళ్ళలో దాని నకళ్ళు! నకలుకి నకలు తీసినా పాట బతికి బట్టకట్టిందంటే ఆ పుణ్యంలో క్లాస్‌కీ కొంత వాటా ఉంది. 2000లో ఆయన రూపొందించిన టివోలీ మోడల్ వన్ అనే బల్ల రేడియో వంద డాలర్ల లోపే వచ్చింది. 2002 జనవరిలో ఆయన పోయాడు.

గురువు దారి వేరయింది. గాలి స్ప్రింగుకి విల్చర్‌కి 1956లో పేటెంటు వచ్చింది. ఒక పోటీ కంపెనీ దాన్ని సవాలు చేసింది. ఆర్‌సీఏలో పనిచేసే హారీ ఓల్సన్ ఇలాంటిదాన్నే అంతకు ముందు పేటెంటు చేశాడని తేలి, విల్చర్ హక్కు నిలవలేదు. పైకోర్టుకు పోవచ్చు. ఆయన పోలేదు. దాంతో ఎవరైనా ఈ పద్ధతిలో స్పీకరు చేసుకోవచ్చునని తేలిపోయింది. ధరలు తగ్గాయి. 1967లో ఆయన కంపెనీని టెలిడైన్ సంస్థకు అమ్మేసి, ఉడ్‌స్టాక్ ఇంటికి వెళ్ళిపోయి, చెవుల మీద పరిశోధన మొదలుపెట్టాడు.

నాకు అది అప్పుడు తెలియదు. తెలియవలసిన అవసరం మా అమ్మ ద్వారా వచ్చింది.

అమ్మ చెవి

1983లో ఇంజనీరు గారు టెక్సాస్ వెళ్ళిపోతూ ఆ రెండు పెట్టెలూ నాకిచ్చేశారు. 1996లో నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. విజయవాడ రేడియోలో భక్తిరంజని వినందే పొయ్యి వెలిగించని మనిషి. వచ్చేసరికి వినికిడి బాగా తగ్గింది. డాక్టరుకి చూపించి వినికిడి యంత్రం కొన్నాం. అది అన్ని శబ్దాల్నీ ఒకే లెక్కన పెంచేది. గిన్నె కింద పడితే అమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకునేది. మనవరాలు మెల్లిగా ఏదో అడిగితే వినపడేది కాదు. “వద్దురా నాన్నా, ఇది పెట్టుకుంటే చప్పుళ్ళే గాని మాటలు రావు” అని యంత్రాన్ని సొరుగులో పెట్టేసింది. మెల్లిగా మాట్లాడటం కూడా తగ్గించేసింది. భోజనాల బల్ల దగ్గర అందరం నవ్వుతుంటే, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేది. అది చూడ్డం నాకు కష్టంగా ఉండేది.

2002లో మరో రకం యంత్రం పెట్టించాం. ఇది చిన్న శబ్దాన్ని ఎక్కువగా, పెద్ద శబ్దాన్ని తక్కువగా పెంచుతుందనీ, కింది స్వరాలకూ పై స్వరాలకూ వేరువేరు లెక్కలు పెట్టుకుంటుందనీ చెప్పారు. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్ళకి చిన్న శబ్దాలు అసలు వినపడవు, పెద్ద శబ్దాలు మాత్రం మనకు వినపడినంత పెద్దగానూ వినపడతాయి. గిన్నెల రహస్యం అప్పుడు అర్థమయింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆ పాత బాలమురళి రికార్డు పెట్టాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, పెట్టెల ముందు కుర్చీ లాక్కుని కూచుంది. కాసేపయ్యాక, “ఒరేయ్, ఇందులో తంబురా కూడా ఉందిరా?” అంది. అంతకు ముందు ఆరేళ్ళలో ఆ రికార్డు ఆవిడ ముందు ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

అమ్మ 2009లో పోయింది. 2011 అక్టోబరులో పేపర్లో ఎడ్గర్ విల్చర్ మరణవార్త చదివాను, 94 ఏళ్ళు. స్పీకర్ల సంగతి నాకు తెలిసిందే. కింద మరో విషయం ఉంది. చిన్న శబ్దాన్ని ఎక్కువ, పెద్ద శబ్దాన్ని తక్కువ పెంచడం, స్వరస్థాయిని బట్టి వేరువేరు లెక్కలు పెట్టడం అనే పద్ధతి మీద దారి చూపిన పరిశోధన ఆయనదే. 1973లో అకౌస్టికల్ సొసైటీ పత్రికలో అచ్చువేశాడు. పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా వాడుకోండన్నాడు. తరవాత బెల్ లాబ్స్ వారు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1980ల చివరి నుంచి యంత్రాల్లోకి వచ్చింది. ఇప్పుడది దాదాపు ప్రతి వినికిడి యంత్రంలోనూ ఉంది.

అంటే ఆ సాయంత్రం మా హాల్లో పాట వెలువడిన పెట్టె వెనకా, ఆ పాటని అమ్మ లోపలికి చేర్చిన యంత్రం వెనకా ఉన్నది ఒకే మనిషి. ఆ సంగతి అమ్మకు చెబుదామంటే అమ్మ లేదు.

చవకగా మంచి వస్తువు ఎలా వస్తుందని నేను చాలాసార్లు ఆలోచించాను. తక్కువ సరుకు వేసి, దీపాలు పెట్టి, మెరుగులు దిద్ది అమ్మితే నా మొదటి స్టీరియోలాంటిది వస్తుంది. ఏది అవసరమో, ఏది అక్కర్లేదో తెలిసినవాడు అక్కర్లేనిది తీసేస్తే ఏఆర్-4ఎక్స్ వస్తుంది. ఆ తెలివి ఒకరి దగ్గరే ఉండిపోతే ధర దిగదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, ఆయన తరవాత రిచర్డ్ స్మాల్ 1970లలోనూ స్పీకరుకీ పెట్టెకీ పొంతన కుదిర్చే లెక్కల్ని అందరికీ తెలిసేలా ప్రచురించారు. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెర అడ్డం పెట్టి, పేరూ ధరా తెలియకుండా జనానికి వినిపించి, ఏ ధ్వని నచ్చుతుందో కొలిచి చూపించాడు. ఈనాడు వంద, రెండు వందల డాలర్లకు దొరికే స్పీకరు మనల్ని ఆశ్చర్యపరుస్తోందంటే, అది వీళ్ళందరూ పంచిపెట్టిన లెక్కల చలవే.

నాకూ డెబ్భై దాటుతున్నాయి. మా అమ్మాయి, “నాన్నా, టీవీ సౌండు పక్కింటికి వినపడుతోంది” అని పోరుతోంది. ఈ దేశంలో వినికిడి యంత్రాల జత ధర చాలాకాలం వేల డాలర్లలోనే ఉండేది. మెడికేర్ మామూలుగా ఆ ఖర్చు భరించదు. 2022 అక్టోబరు నుంచి, వినికిడి కొద్దిగానో ఓ మోస్తరుగానో తగ్గిన పెద్దవాళ్ళు డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులోనే యంత్రం కొనుక్కోవచ్చునని ప్రభుత్వం నిబంధన మార్చింది. చవక రకాలూ వస్తున్నాయి. మనవాళ్ళలో చాలామంది దీన్ని నామోషీగా భావించి, ఇంట్లో మాటలు వినపడకపోయినా తలూపుతూ కాలం గడిపేస్తుంటారు. మా అమ్మ అలా ఆరేళ్ళు తలూపింది. మీ ఇంట్లో ఎవరైనా అలా నవ్వుతుంటే కాస్త గమనించండి.

నేను పోయిన నెల జత కొన్నాను. ఏఆర్-4ఎక్స్ పెట్టెలు బేస్‌మెంటులో ఉన్నాయి. వాటి గుడ్డ అంచులు అరవై ఏళ్ళ తరవాత కూడా చెక్కు చెదరలేదు. ఈ వ్యాసం ముగించి, ఆ రికార్డు తీసుకుని కిందికి వెళ్ళాలి.